ఈత కొట్టి ఇంటికొచ్చాక ముంచుకొచ్చే ఆపద: ‘ఆలస్యపు మునక’ భయంలో నిజమెంత?

ఏప్రిల్ నెలాఖరుకు బడులకు సెలవులిస్తారు. హనుమకొండ, కాజీపేటల్లో ఈత కొలనుల దగ్గర రద్దీ పెరుగుతుంది. నర్సంపేట, పరకాల, హుజూరాబాద్ వైపు ఊళ్లలో పిల్లలు నడుముకు ట్యూబు కట్టుకొని వ్యవసాయ బావుల్లోకి దూకుతుంటారు. సరిగ్గా అప్పుడే ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఈతకు వెళ్లిన పిల్లవాడు మంచిగా ఇంటికొచ్చాడు, అన్నం తిన్నాడు, ఆడుకున్నాడు, పడుకున్నాడు, తెల్లారి లేవలేదు. డాక్టర్లు ‘డ్రై డ్రౌనింగ్’ (పొడి మునక) అన్నారు. నీళ్లలో దిగిన పిల్లలను మూడు రోజులు కంటికి రెప్పలా చూసుకోండి, పది మందికీ పంపండి. ఊరి పేరు ఉండదు, ఆసుపత్రి పేరు ఉండదు, తేదీ అసలే ఉండదు.

దీన్ని చదివిన తల్లిదండ్రుల్లో కొందరు పిల్లలను కొలనుకు పంపడమే మానేస్తారు. కొందరు వట్టి పుకారని తీసిపారేస్తారు. ఇద్దరి దగ్గరా సగం సగం సంగతే ఉంది. నీళ్లలో మునిగి బయటపడ్డ పిల్లల్లో కొందరికి కొన్ని గంటల్లో ఊపిరి కష్టమవుతుంది, చూడకుండా వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇది నిజం. ఏ ఇబ్బందీ లేకుండా ఆడిపాడిన పిల్లవాడు రోజుల తరవాత, ఏ సూచనా ఇవ్వకుండా, ఈత వల్ల చనిపోతాడనే మాటకు మాత్రం వైద్యంలో ఆధారం లేదు. మెసేజ్ ఈ రెండింటినీ కలిపి ఒకే ముద్ద చేసింది.

మునక అంటే చావు ఒక్కటే కాదు

మన మాటల్లో ‘మునిగిపోయాడు’ అంటే ప్రాణం పోయినట్టే. వైద్యుల లెక్క వేరు. 2002లో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో మునకల మీద ప్రపంచ మహాసభ జరిగింది. నీటిలో గానీ మరే ద్రవంలో గానీ మునగడం వల్ల ఊపిరి తీసుకోవడానికి ఆటంకం కలిగితే అది మునకే అని అక్కడ ఖాయం చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడేది కూడా ఈ నిర్వచనమే. దాని ప్రకారం మునకకు మూడు ముగింపులు ఉండొచ్చు: చనిపోవడం, ఏదో ఒక హానితో బతకడం, ఏ హానీ లేకుండా బతకడం. బావిలోంచి జుట్టు పట్టుకొని పైకి లాగితే దగ్గుతూ, ఏడుస్తూ లేచి కూర్చున్న పిల్లవాడు కూడా ఈ లెక్కలో మునిగినవాడే.

అదే సభలో కొన్ని పాత పేర్లను వదిలేయాలని కూడా అన్నారు. పొడి మునక, తడి మునక, ద్వితీయ మునక వంటివి వాటిలో ఉన్నాయి. జనంలో పొడి మునక అంటే ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోకుండానే గొంతు బిగుసుకుపోవడం. ద్వితీయ మునక అంటే లోపలికి పోయిన కాసిని నీళ్లు తరవాత ఊపిరితిత్తులను దెబ్బతీయడం. వాట్సాప్ మెసేజ్‌లో పేరు మొదటిదానిది, కథ రెండోదానిది. అందుకే ముందు ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

ఆ కాసిని నీళ్లు ఊపిరితిత్తిలో ఏం చేస్తాయి

ఊపిరితిత్తుల చివర్లలో కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి తిత్తులు ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి దాటేది వాటి పలుచని గోడల గుండానే. ఆ గోడలకు లోపలి వైపున సర్ఫాక్టెంట్ అనే జిడ్డు లాంటి పూత ఉంటుంది. ఊపిరి వదిలినప్పుడల్లా తిత్తులు పూర్తిగా ముడుచుకుపోకుండా కాపాడేది ఆ పూత. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు ఊపిరి కష్టమయ్యేది ప్రధానంగా ఇది సరిపడా తయారు కాకపోవడం వల్లనే.

నీళ్లు అక్కడిదాకా చేరితే ఈ పూత కొట్టుకుపోతుంది, కొంత పనికిరాకుండా పోతుంది. అప్పుడు తిత్తుల గోడలు తడిసిన ప్లాస్టిక్ సంచిలా ఒకదానికొకటి అతుక్కుంటాయి. రక్తం మామూలుగానే వాటి పక్క నుంచి పారుతుంటుంది, కానీ అందులో కలవడానికి ఆక్సిజన్ ఉండదు. మరోపక్క దెబ్బతిన్న గోడల గుండా రక్తంలోని ద్రవం తిత్తుల్లోకి ఊరుతుంది. మునిగి బతికినవాళ్ల నోటి దగ్గర కనిపించే తెల్లని నురగ గాలి, నీళ్లు, ఆ పూత, ఊరిన ద్రవం కలిసి అయ్యేదే. ఊరడం ఒక్క క్షణంలో జరిగే పని కాదు. మొదటి గంటలో దగ్గు మాత్రమే ఉన్న పిల్లవాడికి మూడో గంటలో ఆయాసం రావడానికి కారణం అది. మెసేజ్‌లోని నిజమంతా ఈ రెండు మూడు వాక్యాల్లోనే ఉంది.

ఎన్ని నీళ్లు పోతే ఇంత పని జరుగుతుంది? శరీర బరువులో కిలోకు ఒకటి నుంచి మూడు మిల్లీలీటర్లు ఊపిరితిత్తుల్లోకి చేరినా ఆక్సిజన్ మార్పిడి దెబ్బతింటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. నాలుగేళ్ల పాప పదిహేను కిలోలు ఉందనుకుంటే అది 15 నుంచి 45 మిల్లీలీటర్లు. దగ్గుమందు సీసా మీదుండే పది మిల్లీలీటర్ల మూతతో కొలిస్తే ఒకటిన్నర నుంచి నాలుగున్నర మూతలు. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఇది ఊపిరితిత్తుల లోపలిదాకా చేరిన నీళ్ల లెక్క, నోట్లోకి పోయినవాటిది కాదు. ఈతలో పిల్లలు మింగే నీళ్లలో దాదాపు అన్నీ కడుపులోకే పోతాయి. గొంతు దాకా వచ్చినవాటిని దగ్గు బయటికి తోసేస్తుంది. పొలమారి రెండు నిమిషాలు దగ్గి మళ్లీ నీళ్లలో దూకిన పిల్లవాడి ఊపిరితిత్తుల్లోకి అంత నీరు చేరి ఉండదు.

కడుపులోకి పోయిన నీళ్లు మామూలుగా ఒక వాంతితోనో, కడుపు ఉబ్బరంతోనో సరిపెడతాయి. ఏడాదిలోపు పసిపిల్లలు బాగా ఎక్కువ నీళ్లు మింగితే మాత్రం రక్తంలో ఉప్పు శాతం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అది వేరే సమస్య, ఊపిరితిత్తులతో దానికి సంబంధం లేదు.

గొంతు బిగుసుకోవడం రాత్రిదాకా ఆగదు

ఇక పొడి మునక అనేదాని సంగతి. నీళ్లు స్వరపేటికను తాకగానే అది గట్టిగా మూసుకుంటుంది. ఇది శరీరం తనను తాను కాపాడుకోవడానికి చేసే పనే. మునిగే క్షణాల్లో చాలామందికి ఇలా జరుగుతుంది. ఆ తరవాత దారులు రెండే. తల బయటికొస్తే గొంతు వదులై ఊపిరి అందుతుంది. రాకపోతే ఆక్సిజన్ తగ్గి, స్పృహ తప్పి, అప్పుడు గొంతు వదులవుతుంది, నీళ్లు లోపలికి పోతాయి. ఏదైనా నీళ్లలో ఉన్నప్పుడు, నిమిషాల్లో తేలిపోయే వ్యవహారం.

మునిగి చనిపోయిన కొందరి శవపరీక్షల్లో ఊపిరితిత్తుల్లో నీళ్లు పెద్దగా కనిపించకపోవడంతో ఈ పేరు పుట్టింది. ఎందుకు కనిపించలేదన్న దాని మీద ఫోరెన్సిక్ నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మన ప్రశ్నకు ఆ వాదన అడ్డు రాదు. బయటికొచ్చి మాట్లాడుతూ, ఊపిరి తీసుకుంటూ ఉన్న పిల్లవాడికి మధ్యాహ్నం తాగిన నీళ్ల వల్ల రాత్రి పదింటికి గొంతు బిగుసుకుపోదు.

మూడు రోజులా, ఎనిమిది గంటలా

బ్రెజిల్‌లోని రియో డి జనీరో తీరంలో 1972 నుంచి 1991 వరకు లైఫ్‌గార్డులు కాపాడినవాళ్ల వివరాలను డాక్టర్ డేవిడ్ స్పిల్‌మన్ విశ్లేషించి 1997లో ప్రచురించారు. మొత్తం 1,831 మందిని బయటికి తీసినప్పటి స్థితిని బట్టి ఆరు మెట్లుగా విభజించారు. మొదటి మెట్టులో దగ్గు ఉంది, స్టెతస్కోపుతో వింటే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇలాంటివాళ్లు 1,189 మంది, ఒక్కరూ చనిపోలేదు. రెండో మెట్టులో ఊపిరితిత్తుల్లో కొన్నిచోట్ల చిటపట శబ్దాలు వినిపించాయి. వీళ్లు 338 మంది, మరణాలు 0.6 శాతం. ఊపిరితిత్తులు ద్రవంతో నిండి నురగ వస్తున్న మూడో మెట్టులో 5.2 శాతం, దానికి తోడు బీపీ కూడా పడిపోయిన నాలుగో మెట్టులో 19 శాతం, ఊపిరి ఆగిన ఐదో మెట్టులో 44 శాతం, గుండె కూడా ఆగిన ఆరో మెట్టులో 93 శాతం మంది చనిపోయారు.

ఈ అంకెలు సముద్ర తీరానివి, పెద్దలు కూడా ఉన్నారు, పక్కనే శిక్షణ ఉన్న సిబ్బంది ఉన్నారు. మన చెరువు గట్టుకు యథాతథంగా అతికించలేం. అయినా ఒక విషయం మాత్రం స్పష్టం: ప్రాణాపాయం ఎంతన్నది నీళ్లలోంచి తీసినప్పుడు పిల్లవాడు ఎలా ఉన్నాడన్న దాన్ని బట్టే చాలావరకు తెలిసిపోతుంది. ఆ తరవాత అది ముదరడమో తగ్గడమో జరుగుతుంది. ఏమీ లేనిచోట హఠాత్తుగా పుట్టదు.

అందుకే అత్యవసర విభాగాల్లో మునిగి బయటపడ్డ పిల్లలను సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది గంటలు కనిపెట్టి చూస్తారు. ఆ సమయమంతా స్పృహ, ఊపిరి, ఆక్సిజన్ మామూలుగా ఉంటే ఇంటికి పంపిస్తారు. ఆలస్యంగా లక్షణాలు వచ్చిన పిల్లలకు కూడా దాదాపు ఆ గంటల్లోపే వచ్చాయని అనుభవం. మూడు రోజుల గడువు ఎక్కడి నుంచి వచ్చిందంటే, ద్వితీయ మునక గురించి పాత వ్యాసాల్లో 24 గంటలు, 72 గంటలు అన్న మాటలు కనిపిస్తాయి. అవి వైద్యానికి వచ్చిన పిల్లవాడు ఎప్పటివరకు విషమించొచ్చన్న దానికీ, లక్షణాలు మొదట ఎప్పుడు కనిపిస్తాయన్న దానికీ తేడా చూపవు. ఆసుపత్రిలో ఉన్న పిల్లవాడికి రెండో రోజు ఊపిరితిత్తుల పరిస్థితి దిగజారవచ్చు. కానీ ఆ పిల్లవాడు మొదటి రోజు సాయంత్రానికే బాగాలేడు.

టెక్సాస్‌లో ఏం జరిగింది

ఈ భయం ప్రపంచమంతా పాకింది 2017 జూన్‌లో. అమెరికాలోని టెక్సాస్‌లో నాలుగేళ్ల బాబు కుటుంబంతో తీరానికి వెళ్లి లోతులేని నీళ్లలో ఆడుకున్నాడు. తరవాతి రోజుల్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వారం తిరిగేలోపు చనిపోయాడు. పొడి మునక అని పత్రికలు, టీవీలు రాశాయి, చెప్పాయి. శవపరీక్ష నివేదిక తరవాత వచ్చింది. కారణం మయోకార్డైటిస్, అంటే గుండె కండరానికి వచ్చిన వాపు. నీళ్లతో సంబంధం లేదు. మొదటి వార్త ఖండాలు దాటింది, రెండో వార్త ఊరు దాటలేదు. మన గ్రూపుల్లో తిరిగే కథకు మూలం అదేనని తేల్చి చెప్పలేను గానీ పోలిక మాత్రం చాలా ఉంది.

అయితే కథకు ఇంకో ముక్క కూడా ఉంది. ఆ టెక్సాస్ వార్త చదివిన కొలరాడో తండ్రి ఒకాయన, ఈత తరవాత ఊపిరి కష్టపడుతున్న తన రెండేళ్ల కొడుకును వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు, బాబు కోలుకున్నాడు. తప్పుడు వార్త ఒక పిల్లవాడికి మేలు చేసింది. పాత పేర్లను వదిలేయాలా వద్దా అన్న వాదన అక్కడ మొదలవుతుంది. దాని దగ్గరికి వచ్చేముందు రెండు ఊహాజనిత సందర్భాలు చూద్దాం.

ఒకే రోజు, ఇద్దరు పిల్లలు

హనుమకొండ కొలనులో ఏడేళ్ల బాబు. ఉదయం పదిన్నరకు స్నేహితుడు నీళ్లు చల్లితే పొలమారింది. రెండు నిమిషాలు దగ్గాడు, కళ్లు ఎర్రబడ్డాయి, గట్టు మీద కూర్చున్నాడు. పదకొండుకు మళ్లీ దిగాడు. ఇంటికొచ్చి రెండు ప్లేట్ల అన్నం తిన్నాడు. సాయంత్రం ఆరింటికే నిద్ర ముంచుకొచ్చింది. తల్లికి మెసేజ్ గుర్తొచ్చి గుండె దడదడలాడింది. ఈత కొట్టిన పిల్లలు త్వరగా పడుకోవడం సహజం. తేడా తెలిసేది లేపితే. లేపగానే విసుక్కొని, అటు తిరిగి మళ్లీ పడుకున్నాడు. నిమిషానికి ఇరవై రెండు సార్లు ఊపిరి తీసుకుంటున్నాడు. కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటర్ వేలికి పెడితే 98 చూపింది. ఈ బాబుది మునకే కాదు, పొలమారడం. రేపటికీ ఎల్లుండికీ అతనికి ఆపద పొంచి లేదు.

వర్ధన్నపేట పక్కన బోరు దగ్గరి సిమెంటు తొట్టిలో నాలుగేళ్ల పాప. పదకొండింటికి నాయనమ్మ అటు తిరిగి వచ్చేసరికి బోర్లా తేలుతోంది. పైకి తీస్తే పెదవులు నీలంగా ఉన్నాయి, కదలిక లేదు. వీపు తట్టి ఊపితే దగ్గింది, నురగ కక్కింది, గట్టిగా ఏడ్చింది. పావుగంటకు బిస్కెట్ తింది. ‘పిల్ల మంచిగైంది’ అన్నారు అందరూ. పన్నెండున్నరకు మళ్లీ దగ్గు. ఒంటిగంటకు అన్నం వద్దంది, ఎత్తుకుంటే భుజం మీద వాలిపోతోంది. రెండింటికి డొక్కలు ఎగరేస్తోంది, ముక్కుపుటాలు అదురుతున్నాయి. పిల్లలకు నిమోనియా ఉందేమో చూడటానికి ఆశా కార్యకర్తలకు ఒక లెక్క నేర్పిస్తారు: ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలు నిమిషానికి 40 సార్లు, అంతకుమించి ఊపిరి తీస్తే అది వేగమే. ఈ పాపది 52. ఆసుపత్రికి చేరేసరికి ఆక్సిజన్ 89. ఎక్స్‌రే దాదాపు శుభ్రంగానే ఉంది, ఎందుకంటే మొదటి గంటల్లో ఎక్స్‌రే వెనకబడి ఉంటుంది. మర్నాడు తీసిన దాంట్లో రెండు పక్కలా తెల్లని మచ్చలు. ఆక్సిజన్ పెట్టారు, ముక్కు గుండా కొంచెం ఒత్తిడితో గాలి ఇచ్చారు. నాలుగో రోజు ఇంటికొచ్చింది.

రెండో కథను ఎవరైనా కుదించి చెబితే ‘బిస్కెట్ తిన్న పిల్లకు రెండు గంటలకు దమ్ము వచ్చింది’ అవుతుంది. ఇంకా కుదిస్తే వాట్సాప్ మెసేజ్ అవుతుంది. తొట్టిలో బోర్లా తేలడం, పెదవులు నీలంగా మారడం, స్పృహ లేకపోవడం, నురగ, ఇవన్నీ మధ్యలో రాలిపోతాయి. ఈ పాపను ఏ వైద్యుడైనా పదకొండింటికే తీసుకురమ్మంటాడు, బిస్కెట్ తిన్నా సరే. నీళ్లలోంచి ఎవరో ఒకరు తీయాల్సి వచ్చిన పిల్లలు, క్షణమైనా స్పృహ తప్పినవాళ్లు, ఊపిరి పోసి బతికించినవాళ్లు, ఆ తరవాత ఎంత చురుగ్గా కనిపించినా ఆసుపత్రిలో చూపించాల్సినవాళ్లే.

పేరు ఉంచాలా, తీసేయాలా

పాత పేర్లు వద్దనేవాళ్లు చెప్పేది ఇది. పేరు తప్పు కారణాన్ని చూపిస్తే వైద్యమూ తప్పు దారి పడుతుంది. టెక్సాస్ బాబు లాంటి పిల్లలకు అసలు జబ్బు వేరే ఉన్నప్పుడు, ‘నాలుగు రోజుల కింద ఈతకు పోయిండు కదా’ అన్న మాట దగ్గరే ఆలోచన ఆగిపోతే గుండెను ఎవరు చూస్తారు? పైగా రోజుల తరబడి భయపడమంటే ఎవరూ దేన్నీ గమనించరు, అలసిపోయి వదిలేస్తారు.

ఉంచాలనేవాళ్లు కూడా కొట్టిపారేయదగ్గ మాట చెప్పరు. ‘ప్రాణాంతకం కాని మునకలో శ్వాస సమస్య ముదరడం’ అని చెబితే ఏ తల్లికీ గుర్తుండదు. ‘ఇంటికొచ్చాక మునక’ అంటే గుర్తుంటుంది. కొలరాడో తండ్రి కదిలింది అలాంటి పేరు వల్లే. పిల్లల వైద్యుల్లో కొందరు అందుకే పేరు గురించి పట్టుబట్టకుండా లక్షణాలు మాత్రం చెప్పి పంపిస్తారు.

నా మటుకు నాకు పేరు కన్నా గడియారం ముఖ్యమనిపిస్తుంది. ‘మూడు రోజులు’ అన్న మాటను ‘ఆ పూట, ఆ రాత్రి’ అని మార్చి, ‘ఏ లక్షణాలూ లేకుండా’ అన్నదాన్ని కొట్టేస్తే, మెసేజ్‌లో మిగిలేది పంపదగ్గదే.

చెరువు నీళ్లు, కొలను నీళ్లు

మంచినీళ్లు, ఉప్పునీళ్లు ఊపిరితిత్తుల మీద వేర్వేరుగా పనిచేస్తాయని ఒకప్పుడు వైద్య విద్యార్థులు కంఠస్థం చేసేవారు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో అలా తేలింది. అయితే ఆ తేడాలు కనిపించాలంటే మునిగి బతికినవాళ్ల ఊపిరితిత్తుల్లోకి మామూలుగా చేరే నీళ్లకంటే చాలా ఎక్కువ పోవాలి. ఇప్పుడు రెండింటికీ వైద్యం ఒకటే: ఆక్సిజన్, అవసరమైతే ఒత్తిడితో గాలి, ఇంకా విషమిస్తే వెంటిలేటర్. యాంటీబయోటిక్‌లు, స్టెరాయిడ్లు అందరికీ ముందే ఇవ్వరు.

మనకు పనికొచ్చే తేడా ఉప్పుది కాదు, మురికిది. చెరువు అడుగు బురద, పశువులు దిగిన నీళ్లు, మురుగు కలిసే కాలువ, ఇలాంటివి ఊపిరితిత్తుల్లోకి పోతే రెండు మూడు రోజులకు జ్వరంతో నిమోనియా రావచ్చు. మెసేజ్‌లోని ‘మూడు రోజులు’ కాస్తయినా అతికేది ఇక్కడే. కానీ ఇది ఆడుతూ ఆడుతూ కుప్పకూలే జబ్బు కాదు, జ్వరం, దగ్గు ముందే చెబుతాయి. కొలను నీళ్లలో క్లోరిన్ మోతాదు ఎక్కువైనా, ఆవిరి పోయే దారి లేని మూసిన హాలైనా, ఉబ్బసం ఉన్న పిల్లలకు నీళ్లు మింగకుండానే ఆయాసం రావచ్చు. అది మునక కాదు, దానికి మందు వేరు.

కక్కించడం, తిప్పడం, ఉప్పులో పెట్టడం

మునిగిన పిల్లవాడిని కాళ్లు పట్టుకొని తలకిందులుగా తిప్పడం, కడుపు మీద ఒత్తి నీళ్లు కక్కించడం మన ఊళ్లల్లో ఇంకా కనిపిస్తుంది. బయటికి వచ్చే నీళ్లు కడుపులోవి. ఊపిరితిత్తుల్లోవి అలా రావు. వచ్చేది అన్నంతో కలిసిన వాంతి, స్పృహ లేని పిల్లవాడిలో అది తిరిగి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. కడుపులోని ఆమ్లం ఆ లేత పూతను నీళ్లకంటే దారుణంగా కాలుస్తుంది. అంటే తరవాతి గంటల్లో వచ్చే కష్టాన్ని కొంతవరకు గట్టు మీద మనమే తయారు చేస్తున్నాం. ఊపిరి లేనప్పుడు వైద్యులు మొదట చేసేది నోటితో ఊపిరి పోయడం, ఆ వెంటనే ఛాతీ నొక్కడం. మునకలో గుండె ఆగేది ఆక్సిజన్ లేక కాబట్టి ఛాతీ నొక్కడం ఒక్కటే సరిపోదు.

ఉప్పు సంగతి మరీ విచిత్రం. చనిపోయినవాళ్లను ఉప్పులో కప్పితే నీళ్లు పీల్చుకొని లేస్తారని ఇంకో వాట్సాప్ మెసేజ్ ఉంది. పొరుగున కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో 2022లో చనిపోయిన బాబును గంటల కొద్దీ ఉప్పులో ఉంచారు. ఆ ఇంటివాళ్లను నవ్వడానికి నాకు నోరు రాదు. ఆ సమయంలో ఎవరైనా ఏదైనా నమ్ముతారు.

ఎక్కువ ప్రాణాలు ఎక్కడ పోతున్నాయి

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది మునిగి చనిపోయారు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలు. మన దేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో మునకల వల్ల పోయిన ప్రాణాలు 38 వేలకు పైమాటే. వీళ్లలో అత్యధికులు నీళ్లలోనో గట్టు మీదో పోయినవాళ్లు. ఇంటికొచ్చి పోయినవాళ్లు చాలా చాలా అరుదు.

నిజమైన నిశ్శబ్దం కూడా నీళ్లలోనే ఉంది. మునిగే పిల్లలు అరవరు, చేతులు ఊపరు. నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ వచ్చిపోతుంటే అరవడానికి ఊపిరి ఉండదు. చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాయి. ఇలా ఇరవై సెకన్ల నుంచి నిమిషం వరకే, తరవాత మునిగిపోతారు. గట్టు మీదున్నవాళ్లకు ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది.

మన దగ్గర దీనికి తోడు నేల కూడా మోసం చేస్తుంది. పూడిక కోసమో, మట్టి కోసమో తవ్విన చెరువుల్లో మోకాలి లోతు నీళ్ల పక్కనే నిలువు గుంత ఉంటుంది. పోచంపాడు నుంచి వచ్చే కాకతీయ కాలువకు సిమెంటు లైనింగ్ ఉన్నచోట వాలు గట్టు మీద నాచు. దిగడం తేలిక, పట్టు దొరక్క ఎక్కడమే కష్టం. పాత వ్యవసాయ బావుల్లో మెట్లు సగంలో ఆగిపోతాయి.

ఇంట్లో చెప్పని సంగతి

ఆలస్యపు మునక కథలు అంత హఠాత్తుగా ఎందుకు అనిపిస్తాయన్న దానికి ఊపిరితిత్తులతో సంబంధం లేని కారణం ఒకటి ఉందని నా అనుమానం. మూడో సందర్భం ఊహించుకోండి. పరకాల వైపు ఒక ఊరు. నలుగురు పిల్లలు మధ్యాహ్నం ఇంట్లో చెప్పకుండా బావికి పోయారు. పదకొండేళ్లవాడు ఒకడు మునిగాడు, పెద్దవాడు లాగి మెట్ల మీద పడేశాడు. కాసేపు ఉలుకూ పలుకూ లేదు, తరవాత దగ్గి లేచాడు. ‘ఇంట్ల చెప్తె కొడ్తరు’ అని నలుగురూ ఒట్టేసుకొని, బట్టలు ఆరబెట్టుకొని వచ్చారు. సాయంత్రం దగ్గు మొదలైంది. తల్లి ఎండదెబ్బ అనుకున్నది, పడిశం అనుకున్నది. ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే ఒక సూది వేశాడు. అతనికీ ఎవరూ చెప్పలేదు కాబట్టి అతనూ అడగలేదు. రాత్రి తొమ్మిదింటికి పిల్లవాడు పడుకోలేకపోతున్నాడు, కూర్చొని ఎగపోస్తున్నాడు.

ఇంట్లోవాళ్ల కళ్లకు ఇది ఏ కారణం లేకుండా వచ్చిన ఆపద. వైద్యుడి లెక్కలో మాత్రం మధ్యాహ్నం మూడింటికి మొదలై, స్పృహ తప్పడంతోనే ప్రమాద సూచన ఇచ్చి, ఆరింటికి దగ్గుగా ముదిరి, తొమ్మిదింటికి తేలిన జబ్బు. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి ఇలాంటి పిల్లవాడు వస్తే అక్కడివాళ్లకు కావలసిన సమాచారం ఎక్స్‌రేలో ఉండదు: ఎన్ని నిమిషాలు మునిగాడు, బయటికి తీసినప్పుడు మాట్లాడాడా, వాంతి అయిందా, ఏ నీళ్లు, ఇప్పటికి ఎన్ని గంటలు. వాటికి జవాబు తెలిసినవాళ్లు ఇంకో ముగ్గురున్నారు, ఊళ్లో తమ తమ ఇళ్లలో. 108 ఎక్కేముందు ఎవరైనా వాళ్ల ఇంటికి వెళ్లి, కొట్టమని మాటిచ్చి అడిగితే చెబుతారు.